ఎర్రమూతి, పెచ్చులు, ఏసోబు కుడిచెయ్యి

పాలిటెక్నిక్‌లో మాకు వేడి గురించి బాగానే చెప్పారు. ఏ లోహం ఎంత వేడికి కరుగుతుంది, ఏ తీగ ఎంత కరెంటు మోస్తుంది, అన్నీ చెప్పారు. షెడ్డులో రాలిన చెత్త ఎవరికి చెందుతుందో మాత్రం చెప్పలేదు. ఉద్యోగంలో నేను నేర్చుకున్నదాంట్లో సగం ఆ రెండో విషయమే.

నాకింకా నలభై రాలేదు. పూలదండ వేసి ఎవరూ సాగనంపలేదు, పింఛను లేదు. నందిగామ, జగ్గయ్యపేటల్లో బస్సు బాడీలు కట్టి రంగులేసే షెడ్లలో ఎలక్ట్రికల్ సూపర్‌వైజరుగా పనిచేసి మానేశాను. మళ్లీ ఆ పనిలోకి వెళ్లను కాబట్టి దీన్ని విరమణ అనే అంటున్నాను.

డిప్లొమా చేతపట్టుకుని వర్క్‌షాపుల్లో చేరబోయే కుర్రాళ్ల కోసం ఇది రాస్తున్నాను. జీతం ఎప్పుడు పెరిగింది, ఏ కాగితం మీద ఎవరు సంతకం పెట్టారు, ఇవేవీ ఇందులో ఉండవు. రంగు ఊడదీసే కరెంటు పనిముట్టు ఒకటి, దాన్ని పట్టుకున్న మనిషి కుడిచెయ్యి ఒకటి, ఆ చెయ్యి వాలిపోయాక ఎవరెవరు ఏం మాట్లాడారన్నది ఒకటి. ఇంతే.

షెడ్డు, మిషను

మా షెడ్డు నందిగామలో బెజవాడ రోడ్డు పక్కన ఉండేది. యజమాని రామబ్రహ్మం గారు. ఎడ్లబండి చక్రాలకి ఇనప పట్టాలు వేయించడంతో మొదలుపెట్టి లారీల మీదుగా బస్సుల దాకా వచ్చిన మనిషి. జగ్గయ్యపేటలో ఇంకో చిన్న షెడ్డు ఉండేది. ఆ రోజుల్లో బస్సుకి ఇంజను, ఛాసిస్ మాత్రమే కంపెనీ నుంచి వచ్చేవి. మిగతాదంతా మా మస్తాన్ మేస్త్రీ చెక్కతో కట్టి రేకు కొట్టేవాడు. కంచికచర్ల, వత్సవాయి, జగ్గయ్యపేట రోడ్ల మీద ఏడాదంతా దుమ్ముతిన్న బస్సు, బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఎదుట తనిఖీకి నిలబడే ముందు మా దగ్గరికి రంగుకి వచ్చేది.

పాతరంగు తీసి కొత్తరంగు వెయ్యాలని పుస్తకం చెబుతుంది. మా దగ్గర అలవాటు పాతదాని మీద కొత్తది వెయ్యడం. అలా వేసి వేసి కొన్ని బస్సుల మీద రంగు రొట్టె మందాన పేరుకుపోయింది. అది పగిలేది, పగిలినచోట వాననీరు దిగి లోపలి చెక్క పుచ్చిపోయేది. అప్పుడు అంతా ఊడదీయక తప్పేది కాదు. అన్నిటికన్నా అడుగున సిందూరం రంగు ఉండేది, రేకు తుప్పు పట్టకుండా వేసే ఎర్రపూత అది. దాంట్లో ఉండేది సీసం. పై పూతల్లో తెలుపులోనూ పసుపులోనూ సీసమే. ఈ ఒక్క సంగతీ గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

మొదట్లో పెట్రోలు బ్లోలాంపుతో కాల్చేవాళ్లు. మంట ఎటు తిరిగేదీ గాలి ఇష్టం. ఒకసారి ఓ బస్సు కిటికీ చట్రాలు వరసగా అంటుకున్నాయి. దాంతో రామబ్రహ్మం గారు మద్రాసు నుంచి కరెంటు మిషను తెప్పించారు. పొడుగాటి చెక్కపిడి, చివర తొట్టిలాంటి రేకు, అందులో మైకా బిళ్లల మీద చుట్టిన నిక్రోమ్ తీగ. స్విచ్చి వేస్తే తీగ ఎర్రగా కాలుతుంది. దాన్ని రంగుకి రెండు వేళ్ల దూరంలో పట్టుకుని నెమ్మదిగా జరిపితే రంగు బుడగలు లేచి మెత్తబడుతుంది. వెనకాలే పుట్టీ బద్దతో లేపుకుంటూ పోవాలి. స్విచ్చికి రెండు మెట్లు. మొదటిది తక్కువ వేడి, రెండోది ఎక్కువ.

పెట్టె విప్పిన పూట రామబ్రహ్మం గారు అడిగారు. "ఏమయ్యా డిప్లొమా, కరెంటు ఎంత తాగుద్ది ఇది?"

"ఇస్త్రీపెట్టె కన్నా ఎక్కువేనండి."

"అయితే ఏసోబు కన్నా తక్కువే."

"నేను సాయంత్రం మొదలెడతానండి," అన్నాడు ఏసోబు. "ఈ ఎర్రమూతిది పొద్దున్నే మొదలెట్టేట్టుంది."

అందరం నవ్వాం. మిషనుకి ఆ పేరే ఉండిపోయింది. ఏసోబు తాగుడు మీద వేసిన హాస్యం కూడా ఉండిపోయింది, చాలాకాలం తర్వాత హాస్యం కానిచోట పనికొచ్చింది.

ఏసోబు ఊరు చెవిటికల్లు. షెడ్డులో పెయింటరు, సరిగ్గా చెప్పాలంటే అక్షరాల పెయింటరు. బస్సు పక్కన ఊళ్ల పేర్లు రాసేవాడు. సుద్దతో గీత గీసుకోడు, దారం పట్టడు. ఎడమ పిడికిలి రేకుకి ఆనించి, దాని మీద కుడి మణికట్టు పెట్టి, ఊపిరి బిగబట్టి బ్రష్షు తిప్పేవాడు. జగ్గయ్యపేటలో మొదటి అక్షరం 'జ' మరీ ఇష్టం. దాని కొసని పిల్లి తోక చుట్టుకున్నట్టు లోపలికి చుట్టేవాడు. ఆ 'జ' చూసి రాసింది ఎవరో రోడ్డు మీద డ్రైవర్లు చెప్పేవాళ్లు. కానీ ఒక బస్సుకి అక్షరాలు ఒక పూట పని. మిగిలిన రోజులన్నీ రంగు గీకడమే.

గోడమీది అక్షరాలు

మిషనుకి మూడు పిన్నుల ప్లగ్గు వచ్చింది. మా గోడకి ఉన్నది రెండు కన్నాల సాకెట్టు. నేను భోజనం చేసి వచ్చేసరికి ప్లగ్గు కోసేశారు. రెండు తీగల కొసలు కన్నాల్లో దూర్చి అగ్గిపుల్లలతో బిగించారు. మూడోది వేలాడుతోంది.

"ఇది దేనికీ పనికిరావట్లేదు బాబూ, కోసేద్దామా?" అన్నాడు మస్తాన్ మేస్త్రీ.

"ఆ రెండూ మిషను కోసం మేస్త్రీ. ఇది నీకోసం."

లోపలి తీగ జారి రేకు తొట్టికి తగిలితే మిషను ఆగిపోదు. ఎర్రగా కాలుతూనే ఉంటుంది, పట్టుకున్నవాడు మాత్రం వదల్లేడు. ఆ మాట విడమరిచి చెప్పాక షెడ్డు వెనక గొయ్యి తీయించి, బొగ్గు, ఉప్పు వేసి, రాగిపలక పాతించి ఎర్తు తీగ లాగాను. "రాగి పాతిపెడతన్నావు, ఎవడన్నా నిధి అనుకుంటాడు చూసుకో," అన్నారు రామబ్రహ్మం గారు. నిజంగానే ఎవరో తవ్వుకుపోయారు. రెండోసారి పాత ఇనప గొట్టం పాతాను. దాన్ని ఎవరూ కోరలేదు.

తర్వాత నిప్పు. ఒక బస్సుకి బయటి రేకు మీద రంగు తీసి అందరూ అన్నాలకి కూర్చున్నారు. బస్సు లోపల్నుంచి పొగ. రేకు వెనక ఉన్న చెక్క రాజుకుని, ఆ వేడి సీటులో కుక్కిన కొబ్బరిపీచుకి తగిలింది. మంట కనపడలేదు, పీచు లోలోపల కాలింది. కరెంటు మిషనుకి మంట ఉండదు కాబట్టి నిప్పు అంటుకోదని అందరూ అనుకుంటారు. మంట లేనిది మరీ ప్రమాదం, ఎందుకంటే ఎవరూ వెనక్కి తిరిగి చూడరు.

ఈ రెండూ అయ్యాక గోడమీద నియమాలు రాయిద్దామని యజమానిని అడిగాను. రంగు మనదే, చెయ్యి మనదే, రాసుకోమన్నారు. నేను చెప్పాను, ఏసోబు రాశాడు. నీలం రంగుతో, బస్సు మీద రాసినంత శ్రద్ధగా.

1. ఎర్తు తీగ లేకుండా మిషను ముట్టరాదు. తడి నేల మీద నిలబడి పట్టరాదు.
2. మొదటి మెట్టు మీదే పని. పొగ లేస్తే వేడి ఎక్కువైనట్టు.
3. ఒకేచోట నిలపరాదు. అద్దాల వైపు తిప్పరాదు.
4. టర్పెంటైను డబ్బాలు షెడ్డు ఆ చివర ఉంచాలి.
5. సీట్లు విప్పాకే మొదలుపెట్టాలి. పని అయ్యాక ఒకరు కాపలా ఉండి రేకు వెనక చూడాలి.
6. మిషనును ఇటుక దిమ్మ మీదే ఆనించాలి. చల్లారాకే తీగ చుట్టాలి.
7. చేతులు, మూతి కడుక్కోకుండా అన్నం, బీడీ ముట్టరాదు.
8. పెచ్చులు తడిపి ఊడ్చాలి. ఇంటికి తీసుకుపోరాదు. కాల్చరాదు.

ఎనిమిదోది రాస్తూ ఆగాడు. "దీన్ని కాస్త చిన్నగా రాయమంటారా సారు? మాయావిడ చదువుద్ది."

"ఆమె చదవాలనే. పెద్దగా రాయి."

"చదివిందంటే నన్ను కాల్చుద్ది."

అయినా పెద్దగానే రాశాడు.

పొట్టు ఎవరిది

చెక్కపని షెడ్లలో ఒక పద్ధతి ఉంది. చిత్రిక పట్టినప్పుడు రాలే పొట్టు పనివాళ్లది. యజమానికి చెక్క, మేస్త్రీకి పొట్టు. ఎక్కడా రాసి ఉండదు, ఎవరూ కాదనరు. సాయంత్రం కాగానే ఆడవాళ్లు గంపలతో వచ్చి ఎత్తుకుపోయేవాళ్లు. నీళ్లు కాగేది దాంతోనే, కూర ఉడికేది దాంతోనే. కూలి ఎంత అని అడిగితే పొట్టుతో కలిపి చెప్పేవాళ్లు.

ఎర్రమూతి వచ్చాక రంగు పెచ్చులు కుప్పలుగా రాలసాగాయి. చెక్కపనివాడికి పొట్టు ఎలాగో రంగుపనివాడికి పెచ్చులు అలాగ అని ఎవరూ చెప్పకుండానే కుదిరిపోయింది. వాటిలో ఎండిన నూనె ఉంటుంది కనుక అగ్గిపుల్ల గియ్యగానే అంటుకుంటాయి. వానాకాలంలో కందికంప తడిసినప్పుడు గుప్పెడు పెచ్చులు వేస్తే పొయ్యి రాజుకుంటుంది. ఏసోబు భార్య సువార్త రోజూ గంపతో వచ్చేది.

నేను గోడ చూపించి వద్దన్నాను.

"చదివానండి," అంది. "చిత్రిక పొట్టు మేస్త్రీ వాళ్లింటికి పోద్ది. మా ఆయన పడగొట్టింది మా ఇంటికి రాగూడదా?"

"అది పొట్టమ్మా. ఇది విషం. ఇందులో సీసం ఉంది."

"బస్సు మీద ఉన్నన్నాళ్లూ జనం దాన్ని పట్టుకుని ఊగులాడతా పోయారు. అప్పుడు విషం కాదు. మా పొయ్యి దాకా వచ్చేసరికి విషమైందా సారండి?"

రేకు మీద ఉన్నంతసేపు అది కదలదనీ, కాలితే పొగలో లేస్తుందనీ, ఆ పొగ పీల్చినవాళ్ల ఒంట్లో చేరుతుందనీ, బూడిద చేతికంటినా అన్నంలోకి వస్తుందనీ చెప్పాను. ఆమె పూర్తిగా విన్నది. నాకు తెలిసి ఆ షెడ్డులో నా మాట చివరిదాకా విన్నది ఆమె ఒక్కతే.

"సరేనండి, మానేస్తా. మరి పుల్లలు తమరు పంపిస్తారా?"

నేను రామబ్రహ్మం గారి దగ్గరికి వెళ్లాను. బాడీలు కట్టగా మిగిలిన చెక్కముక్కలు రంగుపనివాళ్లకి ఇద్దామని, పెచ్చులు గొయ్యి తీసి పూడ్చేద్దామని అడిగాను.

"చెక్కముక్కలు హోటలాయనకి మాటిచ్చా," అన్నారు. "అయినా నువ్వెందుకయ్యా మధ్యలో? వాళ్లు ఊడ్చుకుపోతన్నారు, మనకి ఊడ్చే పని తప్పింది. గొయ్యి తవ్వడానికి మళ్లీ మనిషా?"

ఆ క్రిస్మస్‌కి పెచ్చులు గోతాల్లో నింపించి, షెడ్డు ముందు నిలబడి తన చేత్తో పంచారు. "పిండివంటలు చేసుకోండిరా," అన్నారు. ఏసోబు రెండు చేతులా అందుకున్నాడు. అప్పటికి రెండు చేతులూ బాగున్నాయి.

జగ్గయ్యపేట వానాకాలం

ఆ మరుసటి ఏడు ఒక ఆసామి బస్సులన్నీ చేతులు మారాయి. వాటిని కొన్నాయన అన్నిటి రంగూ దసరాలోపల మార్చమన్నాడు. పని జగ్గయ్యపేట షెడ్డులో పెట్టారు. ఏసోబుని అక్కడికి పంపారు.

మొదటి మెట్టు వేడితో పని నెమ్మది. రంగు మెత్తబడటానికి ఓపిగ్గా ఆగాలి. రెండో మెట్టు మీద చకచకా లేస్తుంది, పొగా లేస్తుంది. రామబ్రహ్మం గారు ఊళ్లో ఓ వైరుమనిషిని పిలిపించి, స్విచ్చి ఎటు తిప్పినా రెండో మెట్టే వచ్చేటట్టు లోపలి తీగలు మార్పించారు. నేను వెళ్లినరోజు చూసి విప్పి సరిచేశాను. మళ్లీ వెళ్లేసరికి మళ్లీ మార్చి ఉంది. మళ్లీ సరిచేశాను.

ఆ సాయంత్రం ఆయన నన్ను పక్కకి పిలిచారు. "దసరాకి బస్సులు ఇవ్వకపోతే ఆ కొన్నాయన నీ గోడ దగ్గరికి వచ్చి చదువుకోడు. నా కాలరు పట్టుకుంటాడు. నువ్వు నందిగామలో వైరింగు చూసుకో. ఇటు రావొద్దు."

అలా నన్ను తప్పించారు. వానలు పట్టడంతో జగ్గయ్యపేట షెడ్డుకి తలుపులు మూసి లోపలే పనిచేయించారు. ఏదో సామాను వంకతో నేను ఒకసారి వెళ్లాను. పొగలో మనిషి ఆకారం తప్ప మొహం తెలియలేదు. ఏసోబు మూతికి కండువా చుట్టుకుని ఉన్నాడు. పొగకి కండువా అడ్డమా? తలుపులు బార్లా తెరిచాను. జల్లు లోపలికి కొట్టి తీగలు తడుస్తాయని ఎవరో మూసేశారు. నిజానికి అదీ నా నియమమే.

"ఎలా ఉన్నావ్ ఏసోబూ?"

"అన్నం సయించట్లేదు సారు. నోట్లో రాగి కాణీ బిళ్ల పెట్టుకుని చప్పరిస్తన్నట్టుంటంది. కడుపు మెలిపెట్టేస్తంది. మాయావిడ ఆవదం పోసింది. దానిక్కూడా ఇదే నెప్పంట, ఇద్దరం ఒకే సీసాలో తాగాం."

"పని ఆపి ఇంటికి పో."

"ఆపితే అక్షరాలు ఇంకోడు రాస్తాడండి. జగ్గయ్యపేట బస్సులు సారు, అన్నిటికీ 'జ' ఉంది."

దసరా దగ్గరపడ్డాక అక్షరాలకి దిగాడు. నేను అప్పుడు అక్కడ లేను. మస్తాన్ మేస్త్రీ చెప్పాడు. ఎప్పట్లా ఎడమ పిడికిలి ఆనించి, దాని మీద మణికట్టు పెట్టి బ్రష్షు ఎత్తబోతే చెయ్యి లేవలేదట. వేళ్లు ముడుచుకుంటున్నాయి, మణికట్టు మాత్రం పైకి రావడంలేదు. 'జ' సగంలో బ్రష్షు జారి రేకు కింది దాకా ఎర్రగీత పడింది. అందరూ చుట్టూ చేరితే చెయ్యి పైకెత్తి చూపించాడట. మణికట్టు దగ్గర వేలాడింది.

"కొత్త పెళ్లికూతురులాగా తల వొంచేసింది చూడండి," అన్నాడట. "ఎంత బతిమాలినా ఎత్తట్లా."

బెజవాడ పెద్దాసుపత్రికి నేనూ వెంట వెళ్లాను. డాక్టరు గారు చెయ్యి చూసి, నోరు తెరవమన్నారు. చిగుళ్ల అంచున నల్లటి గీత ఉంది. ఏం పని చేస్తావు, పొగలో ఉంటావా, ఇంట్లో ఏం కాలుస్తారు అని వరసగా అడిగారు. సువార్త నోరు కూడా తెరవమని చూశారు. ఆమెకీ గీత ఉంది, సన్నగా.

"సీసం," అన్నారు ఆయన. "ఆ పని మానాలి. ఆ పొయ్యి మానాలి."

"చెయ్యి వస్తదాండి?" అంది సువార్త.

"కొంత రావచ్చు. ముద్ద కలుపుకోగలడు."

"అక్షరాలు?" అన్నాడు ఏసోబు.

డాక్టరు గారు చీటీ రాసుకుంటూ ఉండిపోయారు.

విచారణ

సీసంతో వచ్చే జబ్బు పనివల్ల వస్తే యజమాని పరిహారం ఇవ్వాలని చట్టంలో ఉంది. నేనే అర్జీ రాసి పెట్టించాను. కార్మికశాఖ అధికారి నందిగామ షెడ్డుకి వచ్చాడు. చెడ్డమనిషి కాదు. ఎండన పడి వచ్చాడు, చూపించినవన్నీ చూశాడు. ఏం చూపించాలో రామబ్రహ్మం గారికి తెలుసు.

ముందుగా అధికారిని గోడ దగ్గరికి తీసుకుపోయారు. అధికారి ఎనిమిది నియమాలూ చదివాడు.

"బాగా రాయించారే. ఎవరు రాశారు?"

"ఈ ఏసోబేనండి. ఆ అక్షరాలు ఈ రోడ్డున ఎవరికి చూపించినా చెబుతారు. తన చేత్తో రాసినవాడు, తెలియదంటాడా? పైగా సాయంత్రమైతే మందండి. అదీ అందరికీ తెలుసు."

ఏసోబు గోడవైపు చూస్తూ నిలబడ్డాడు. ఎడమ చేత్తో కుడి మణికట్టుని పట్టుకుని ఉన్నాడు, కిందకి జారకుండా.

స్విచ్చి సంగతి నేను చెప్పాను. జగ్గయ్యపేట నుంచి మిషను తెప్పించారు. నేనే విప్పాను. తీగలన్నీ ఉండాల్సినచోట ఉన్నాయి. అంతకుముందే మార్పించేశారు. కరెంటు ఇచ్చాం. మొదటి మెట్టు చక్కగా పనిచేసింది.

"ఈ నియమాలు పెట్టింది మీరేనా?" అధికారి నన్ను అడిగాడు.

"నేనేనండి."

"అమలు జరిగాయా?"

"జరగలేదండి. జరగనివ్వలేదు."

"అమలు చెయ్యాల్సింది ఎవరు?"

"సూపర్‌వైజరు గారేనండి," అన్నారు రామబ్రహ్మం గారు, చాలా మర్యాదగా. ఆయన నన్ను గారు అన్నది ఆ ఒక్కసారే.

చివరికి పెచ్చుల దగ్గరికి వచ్చింది. వాటిని పనివాళ్లకి యజమాని ఇచ్చాడా, వాళ్లే పట్టుకుపోయారా? యజమాని గోతాల్లో నింపి పంచిన సంగతి షెడ్డులో అందరికీ తెలుసు. అధికారి మస్తాన్ మేస్త్రీని అడిగాడు. మేస్త్రీ పెద్దమనిషి, అబద్ధం ఆడడని పేరు. రామబ్రహ్మం గారు పక్కనుంచి ఒక్కమాట అన్నారు. "చెప్పు మేస్త్రీ. ఇక్కణ్ణించి బయటికిపోయేది ఏదైనా నేను ఇస్తేనే పోవాలంటే రేపట్నించి పొట్టుకి కూడా లెక్కేగదా."

మేస్త్రీ అధికారి వైపు తిరిగాడు.

"పెచ్చులు మావేనండి," అన్నాడు. "పొట్టు మాది, పెచ్చులు మావి. ఎప్పట్నించో అంతే."

అది అబద్ధం కాదు. అందుకే దానికి తిరుగులేకపోయింది. జబ్బు ఇంటి పొయ్యిలోంచి వచ్చిందని, వద్దని గోడమీద రాసి ఉన్నా పట్టుకుపోయారని తేలింది. పరిహారం లేదు. భార్యకి కూడా గీత ఉండటం ఆ వాదనకి బాగా పనికొచ్చింది.

సాయంత్రం మేస్త్రీ సైకిలు తోసుకుంటూ నా వెంట నడిచాడు. "ఏం చెయ్యను బాబూ. పొట్టు ఆగిందంటే ఇంతమంది ఇళ్లల్లో పొయ్యి లేవదు. నేను ఇంకోలా చెప్పినా ఏసోబు చెయ్యి లేవదు."

 

చేరబోయేవాళ్లకి

రంగు మీద వేడి వాడే పని మీ చేతికొస్తే చెయ్యాల్సినవన్నీ పైన ఎనిమిదింట్లో ఉన్నాయి. వాటిని నేను ఇప్పటికీ మార్చను. వాటికి ఇంకొన్ని కలుపుతాను. ఇవి పుస్తకంలో ఉండవు.

పొగ కనపడని వేడే సరైన వేడి. తొందరపెట్టేవాడు మీ చేత ఎక్కువ వేడి వాడిస్తాడు, కనుక పని ఒప్పుకునే రోజునే నెమ్మదికి సరిపడా గడువు అడగండి. తర్వాత అడిగితే ఇవ్వరు.

స్విచ్చి లోపల ఎవరో చెయ్యి పెట్టారని తెలిసిన పూటే, సరిచేసే ముందు, ఇంకో ఇద్దరికి చూపించండి. నేను రెండుసార్లు నిశ్శబ్దంగా సరిచేశాను. దాంతో మార్చినవాడు మార్చనేలేదన్నట్టు అయింది.

గోడమీద రాసిన నియమం పనివాణ్ణి కాపాడుతుందని అనుకోకండి. అమలు చెయ్యని యజమాని దగ్గర అది యజమానినే కాపాడుతుంది. కాల్చరాదు అని రాసే ముందు, ఆ పొయ్యిలో బదులు ఏం పెడతారో యజమాని చేత ఒప్పించండి. ఒప్పుకోకపోతే ఆ మాట కూడా అదే గోడమీద, అదే సైజులో రాయించండి. రాయనివ్వరు. అప్పుడు మీకు ఎక్కడ పనిచేస్తున్నారో తెలుస్తుంది.

మంచి యజమానులు ఉన్నారని అంటారు. ఉండవచ్చు. నేను పనిచేసింది ఒక్కరి దగ్గరే.

జ

ఏడాది తిరక్కుండా ఒక బస్సు షెడ్డుకి వచ్చింది. ఏసోబు చెయ్యి బాగున్న రోజుల్లో రాసిన బస్సు. దాన్ని గుంటూరు వైపు అమ్మేశారు. పేర్లన్నీ తీసెయ్యమన్నారు. కొత్త పెయింటరు రాలేదు. నువ్వే కానివ్వవయ్యా అన్నారు రామబ్రహ్మం గారు, నన్ను అలాంటి పనులకి వాడుకోవడం అప్పటికి అలవాటైంది.

ఎర్తు తీగ చూసుకున్నాను. సీట్లు విప్పించాను. షెడ్డు తలుపులు రెండూ తెరిపించాను. మొదటి మెట్టు వేశాను. అంతలో ఏసోబు వచ్చాడు. అప్పటికి సంత దగ్గర బస్సులు ఆపి, ఊళ్ల పేర్లు కేకలేసి జనాన్ని ఎక్కిస్తుండేవాడు. రాసిన పేర్లనే అరిచేవాడన్నమాట. బస్సు ఇటు వచ్చిందని ఎవరో చెప్పారట.

"ఇంత దగ్గరికి రావొద్దు, దూరంగా ఉండు," అన్నాను.

"పొగ లేదుగా సారు."

లేదు. తీగ ఎరుపు తక్కువగా ఉంది. నేను 'పేట' అన్న అక్షరాల నుంచి మొదలుపెట్టి వెనక్కి వచ్చాను. రంగు నెమ్మదిగా ఉబ్బింది, మెత్తబడింది, బద్దకి పట్టీలాగా లేచింది. ఒక్కో అక్షరం కింద పడుతుంటే ఏసోబు దాని పేరు పలికాడు, సంతలో అరిచినట్టు కాకుండా, లోగొంతుకలో.

'జ' మిగిలింది.

"దాన్ని పగలకుండా తీస్తారా సారు?"

చాలాసేపు పట్టింది. నా వీపు నొప్పెట్టింది. కొస దగ్గర, పిల్లి తోక లోపలికి చుట్టుకున్నచోట, మిషను పక్కన పెట్టి గోరుతో నెమ్మదిగా లేపాను. అరచెయ్యంత పెచ్చు, మీద 'జ', అంచున కొద్దిగా చిట్లింది. దాన్ని తడిగుడ్డ మీద వేశాను.

రామబ్రహ్మం గారు కుర్చీలోంచే చూస్తున్నారు. "ఒరేయ్ ఏసోబూ, ఏంట్రా అది పట్టుకుపోతన్నావ్?"

ఏసోబు వంగి ఎడమ చేత్తో పెచ్చు తీసుకున్నాడు. కుడి చెయ్యి పక్కన వేలాడుతోంది.

"పెచ్చులు మావేగదండి," అన్నాడు.

నేను దాన్ని అతని చేతిలోంచి తీసుకుని, తడిపిన న్యూస్ పేపర్లో చుట్టి తిరిగి ఇచ్చాను. పొయ్యిలో వెయ్యొద్దన్నాను.

"వెయ్యన్లే సారు," అన్నాడు. "మాయావిడ చదివింది."